అమ్మను తెచ్చుకుందామని అవనిగడ్డ వెళ్ళాను

నాన్న పోయిన మూడో నెలలో, అమ్మను గుడివాడ తెచ్చుకుందామని బయలుదేరాను. అవనిగడ్డ దగ్గర ఊళ్ళో ఆమెకు పెంకుటిల్లు, ఎకరం మాగాణి ఉన్నాయి. ఇల్లు అద్దెకిచ్చి, పొలం అమ్మి, ఆ డబ్బు పోస్టాఫీసులో వేయాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. అమ్మను అడగలేదు. స్వరాజ్యం వచ్చాక పెట్టిన రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి, లెక్కలు నాకే తెలుసనుకున్నాను.

గుడివాడలో పొద్దున ఆరింటి రైలుబండి ఎక్కాను. పెడనలో బట్టల మీద అద్దకాలు వేసే సాయిబుగారొకరు దుప్పట్ల మూటతో ఎక్కి నా పక్కన కూర్చున్నారు. సంగతి విని, "అమ్మగారు వస్తానన్నారాండీ?" అన్నారు.

"రాక ఒక్కతీ ఏం చేస్తుందండీ?"

"మా అమ్మనీ అట్లాగే తెచ్చానండీ. మూటైనా విప్పలేదు, వారానికే తిరుగు బండెక్కింది!" అని పగలబడి నవ్వారు.

బందరులో ఇడ్లీ తిని బస్సెక్కాను. వెళ్ళేవాళ్ళు కిటికీ పక్కన కూర్చోండి. పులిగడ్డ దగ్గర కింద కృష్ణ పాయ పారుతుంటే, దాని మీదుగా కాలువ దివిసీమకు నీళ్ళు మోసుకుపోతుంది. నది మీద కాలువ! నోరు తెరిచి చూస్తుంటే వెనక సీటులోని అమ్మాయి, "మొదటిసారా బాబాయిగారూ?" అంది. "ఎన్నోసారో తెలీదమ్మా," అన్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అమ్మ లేదు. ఇద్దరు ఆడవాళ్ళు బియ్యం తెచ్చి మా కుండలో పోస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"మా అమ్మ ముష్టి తింటోందా? నేను చచ్చాననుకున్నారా?" అని అరిచాను.

వాళ్ళలో పెద్దది, పొరుగింటి మరియమ్మ పిన్ని, నడుం మీద చెయ్యి వేసుకుంది. "నోరు ముయ్యరా. ఇది దేవుడి పిడికెడు బియ్యం. ఇన్నాళ్ళూ చర్చి సంఘపెద్ద ఇంట్లో పోశాం, ఎలకలు తిన్నాయనేవాడు. ఇప్పుడు మీ అమ్మ దగ్గర పోస్తున్నాం. ఇక్కడ ఎలకలు లేవు!"

మా క్రైస్తవుల ఇళ్ళలో వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు చర్చికని వేరే ఉంచుతారు. తెలిసిన సంగతే, కోపంలో తట్టలేదు.

ఇంతలో అమ్మ పొలం నుంచి వచ్చింది. కోతలయ్యాక తన వాటా ధాన్యం కళ్ళంలోనే, తన కళ్ళ ముందే కొలవాలని కౌలు రైతుకు చెప్పి వస్తోందట. ముందుగది బడి పంతులమ్మకు అద్దెకిచ్చిందట. రాత్రిళ్ళు తోడుకు తోడు, చేతి ఖర్చుకు అద్దె.

"ఇవన్నీ ఎప్పుడు చేశావమ్మా?"

"మీరిద్దరూ నన్నెక్కడ పెట్టాలా అని మాట్లాడుకునేటప్పుడు."

"ఒంట్లో బాగోకపోతే?"

"కబురు పెడతా, వద్దువుగాని. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా."

నాన్న ఉన్నన్నాళ్ళూ ఆమె గొంతు వీధిలో వినపడి ఎరగను. ఈవిడ ఇన్నాళ్ళూ ఎక్కడుందా అని చూస్తూ కూర్చున్నాను, అన్నం చల్లారిపోయింది.

మర్నాడు నన్ను బస్సెక్కించడానికి తనే ముందు నడిచింది. అందుకోలేక ఆయాసపడ్డాను. బస్సు కదలకముందే, పని ఉందంటూ వెనుదిరిగింది.

"ఎన్నండీ?" అన్నాడు కండక్టరు.

ఇద్దరికి సరిపడా డబ్బు పట్టుకుని వచ్చినవాణ్ణి, "ఒకటే," అన్నాను. ఆ మాట అంటుంటే సిగ్గు వేయలేదు. దుఃఖంలో ఉండి కూడా తన బతుకు తానే చక్కబెట్టుకున్న మనిషిని చూసి తిరిగి వస్తున్నాను. మీకూ ఇలాంటి ప్రయాణం పడితే, ముందు మీ అమ్మను అడిగి బయలుదేరండి.