మెట్ల మీది బాబాయి

మా మందిరంలో ఆదివారం ఆరాధన మొదలైందంటే జనం రెండు చోట్ల ఉన్నట్టు లెక్క. లోపల బెంచీల మీద మేమందరం, బయట పక్క వాకిలి మెట్ల మీద మెకానిక్ బాబాయి. వానొస్తే చూరు కిందికి జరిగేవాడు. ఎండొస్తే గోడ నీడ ఎటు పోతే అటు పోయేవాడు. లోపలికి మాత్రం వచ్చేవాడు కాడు.

ఆయన బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేసి రిటైరైనవాడు. ఆ తర్వాత ఇంటి పక్క రేకుల షెడ్డులో స్కూటర్లు, మోపెడ్లు చూస్తూ కాలక్షేపం చేసేవాడు. అసలు పేరుతో ఆయన్ని ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఆయన భార్యని మేమంతా పిన్ని అనేవాళ్ళం. మా సంఘంలో పాట ఎత్తుకోవాలంటే పిన్నే ఎత్తుకోవాలి. బుధవారం స్త్రీల కూడిక ఆమె నడపాలి, శనివారం సాయంత్రం మందిరం ఊడ్చేటప్పుడు చీపురు పట్టుకుని ముందు ఆమె వంగాలి. బాబాయి ఆమెని స్కూటరు మీద తెచ్చి దించేవాడు, ఆరాధన అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని మళ్ళీ ఎక్కించుకుని పోయేవాడు.

ఊరికే కూర్చునేవాడా అంటే అదీ కాదు. పాస్టరుగారు వాక్యం చెబుతుండగా ఏ పసిబిడ్డ గుక్కపట్టినా తల్లి లేచి పక్క వాకిలి దగ్గరికొచ్చేది. బాబాయి అప్పటికే చేతులు చాచి ఉండేవాడు. బిడ్డని భుజాన వేసుకుని, షెడ్డు తాళాల గుత్తి చెవి దగ్గర ఆడిస్తూ అటూ ఇటూ తిరిగేవాడు. మావాడు పుట్టిన మొదటి ఏడాదంతా పాస్టరుగారి గొంతు కన్నా ఆ తాళాల చప్పుడే ఎక్కువ విన్నాడు. "ఇంజనైనా పిల్లాడైనా ఒకటేనమ్మా, ఊరికే అరవదు. ఎక్కడో ఏదో బిగుసుకుని ఉంటుంది" అనేవాడు బాబాయి.

ఆయన లోపలికి ఎందుకు రాడో నాకు పిన్నే చెప్పింది. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి రాత్రి డ్యూటీ దిగి, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుంటే ఆలస్యమవుతుందని నేరుగా మందిరానికి వచ్చాడట. ఆ వారమే కొత్త బెంచీలు వేశారు. సంఘ పెద్ద ఒకాయన దగ్గరుండి చేయించి, వార్నిష్ పూయించి, వాటిని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. బాబాయి కూర్చోగానే ఆయన పాట మధ్యలోనే, "లే, లే! ఆ జిడ్డు బట్టలతో కూర్చుంటే బెంచీ ఏమైపోతుంది? వెళ్ళి వెనక నిలబడు" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. బాబాయి లేచాడు గాని వెనక నిలబడలేదు. బయటికి నడిచి మెట్ల మీద కూర్చున్నాడు. అలా కూర్చున్నవాడు తల పూర్తిగా నెరిసినా లోపలికి రాలేదు.

ఆ పెద్దాయనకి బెంచీల పెద్దాయన అనే పేరు స్థిరపడిపోయింది. అది ఆయన ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఆయన ముందు వాకిలిగుండా వచ్చి అటే పోయేవాడు, పక్క వాకిలి మెట్ల వైపు చూసేవాడే కాదు. కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరుగారూ బాబాయిని లోపలికి తేవడం తన పనే అనుకుని మెట్ల దాకా వచ్చేవారు. బాబాయి లేచి నిలబడి, నమస్కారం పెట్టి, "ఇక్కడ గాలి బాగుందండీ" అనేవాడు. అంతటితో ఆ మాట ముగిసేది.

ఒక ఏడు పిన్ని స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, కొన్ని నెలలు మంచం దిగొద్దన్నారు. ఇంటికి తెచ్చాక వచ్చిన మొదటి ఆదివారం బాబాయి పొద్దున్నే లేచాడు, గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక గదిలో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

"ఎందుకలా తిరుగుతారు? నా కళ్ళు తిరుగుతున్నాయి" అంది పిన్ని.

"నువ్వు లేకుండా నేనెక్కడికి పోను?"

"మెట్లేమైనా నేను మోసుకొచ్చానా? అక్కడే ఉన్నాయిగా, వెళ్ళండి. వెళ్ళి పాస్టరుగారు ఏం చెప్పారో విని వచ్చి నాకు చెప్పండి."

"నేనా? నాకు అవన్నీ ఏం తెలుసే?"

"తెలియకపోతే వింటే తెలుస్తుంది. చెవులున్నాయిగా."

అలా బాబాయి ఆ రోజు ఒంటరిగా వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే పైమెట్టు వదిలి కిటికీ కిందికి జరిగి కూర్చోవడం నేను లోపల్నుంచి చూశాను. పిల్లల తల్లులు వస్తే బిడ్డని అందుకుంటూనే, "ఉష్, ఉష్, వినపడట్లేదమ్మా" అని బిడ్డని కాక తల్లుల్ని కసురుకుంటున్నాడు.

ఆ వారం వాక్యం, నడవలేని మనిషిని నలుగురు స్నేహితులు మంచంతో సహా ఇంటికప్పు మీదికెక్కించి, కప్పు విప్పి లోపలికి దించిన సంగతి. పిన్నికి ఆ కథ చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. బాబాయి మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని, అది నిన్న పక్క వీధిలో జరిగినట్టు చెప్పాడు. మంచానికి తాళ్ళు నాలుగు మూలలా సమానంగా కట్టకపోతే మనిషి దొర్లిపోతాడన్నాడు. ఆ నలుగురిలో ఒకడు తప్పకుండా ఏదో గ్యారేజీలో పనిచేసినవాడే అయ్యుంటాడన్నాడు. చివరికి, "అంతా బాగానే ఉంది గాని, ఆ కప్పు మళ్ళీ ఎవరు వేయించారో పాస్టరుగారు చెప్పలేదు" అన్నాడు.

పిన్ని నవ్వలేక చచ్చింది. నవ్వితే తుంటి లాగేది మరి. "ఆపండి బాబూ, కుట్లు ఊడిపోతాయి" అని బతిమాలుకుంది. పడినప్పట్నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు. వచ్చే వారం కూడా ఆయన వెళ్ళాల్సిందేనని అప్పుడే తేలిపోయింది.

బుధవారం కూడిక పిన్ని మంచం చుట్టూ పెట్టుకోవడం మొదలుపెట్టాం. మేం వెళ్ళేసరికి ఆదివారం విన్నదాన్ని మళ్ళీ బాబాయి నోట చెప్పించేది పిన్ని. తనలాగే మంచాన పడ్డ స్నేహితురాలు, మేమంతా కుట్టుమిషను అత్త అని పిలిచే ఆమెకీ వెళ్ళి చెప్పి రమ్మంది. చెప్పి వచ్చాడు. డయాలసిస్‌కి వెళ్ళొచ్చి నీరసంగా పడుకునే పోస్ట్‌మాస్టరుగారింటికీ వెళ్ళాడు. ఎక్కడికెళ్ళినా షెడ్డు పనిముట్ల సంచి చేతిలో ఉండేది. కథ చెబుతూ ఫ్యాను బిగించేవాడు, తలుపు గడియ సరిచేసేవాడు.

ఒక రోజు పిన్ని అంది. "బెంచీల పెద్దాయన కూడా మంచాన పడ్డాడట. కళ్ళు కూడా కనిపించట్లేదట. ఒకసారి..."

"ఆ ఒక్క ఇంటి పేరు ఎత్తకు" అని లేచిపోయాడు బాబాయి. పిన్ని మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఎత్తింది పెద్దాయన మనవరాలు. ఆ అమ్మాయికి నెలల బిడ్డ. ఆదివారం వాక్యం నడుస్తుండగా ఏడుస్తున్న బిడ్డని బాబాయి చేతికిచ్చింది. ఎప్పటిలా లోపలికి పోకుండా మెట్ల మీదే కూర్చుంది.

"బాబాయ్, మా తాతయ్య గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఎవరు పిలిచినా ఇటు తిరగట్లేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసినా అంతే. మీరు కుట్టుమిషను అత్తకి చెబుతున్నారటగా. ఒక్కసారి మా ఇంటికీ రారూ?"

బిడ్డ ఆయన భుజం మీద అప్పుడే కునుకు తీస్తోంది. బిడ్డ లేస్తుందని గట్టిగా కాదనలేకపోయానని ఆయన తర్వాత పిన్నితో చెప్పుకున్నాడు. అది సాకో నిజమో నాకు తెలియదు. సాయంత్రం మాత్రం వెళ్ళాడు.

ఆ గదిలో ఏం జరిగిందో మనవరాలు నాకు చెప్పింది. గోడవైపు తిరిగి ఉన్న పెద్దాయన అడుగుల చప్పుడు విని, "ఎవరూ?" అన్నాడు.

"నేనండీ, డిపో మెకానిక్‌ని. ఇవాళ వాక్యం చెప్పి పొమ్మంటే వచ్చాను."

"దగ్గరికి రా అబ్బాయ్, నాకు సరిగా వినపడదు. కుర్చీ వద్దు, ఇలా మంచం మీద కూర్చో."

తెల్లటి దుప్పటి. బాబాయి మధ్యాహ్నం ఏదో బండి చూసిన చేతుల్ని లాగుకి రెండుసార్లు తుడుచుకున్నాడు. కూర్చున్నాడు. ఆ రోజు పాస్టరుగారు మందలోంచి తప్పిపోయిన గొర్రె గురించి చెప్పారు. బాబాయి మొదలుపెట్టాడు. కాపరి ఎటు వెళ్ళాడో, ఎలాంటి ముళ్ళదారిలో వెళ్ళాడో అంతా చెప్పాక, "నా అనుమానం ఒక్కటేనండీ. మిగతా మందని ఎవరికప్పగించి పోయాడు?" అన్నాడు. పెద్దాయన మెల్లగా ఇటు తిరిగాడు.

"అది అడక్కూడదు. కథ ఆ ఒక్కదాని గురించి" అన్నాడు. మళ్ళీ తనే, "బాగా చెప్పావు. లోపల ఏ వరసలో కూర్చుంటావు నువ్వు? నీ గొంతు నాకు గుర్తు రావట్లేదు" అన్నాడు.

"నేను లోపల కూర్చోనండీ. బయట మెట్ల మీద."

"అదేం? ఎందుకు?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ఎవరడిగినా గాలి బాగుందని చెప్పిన మనిషి, అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గొంతు పెంచలేదు. డ్యూటీ దిగి రావడం, కొత్త బెంచీ, లే లే అన్న మాట, అందరూ వెనక్కి తిరగడం. మనవరాలు గుమ్మంలో నిలబడి అంతా వింది.

"నాకు గుర్తు లేదు" అన్నాడు పెద్దాయన. "ఎంత వెతికినా తగలట్లేదు. కానీ నువ్వు అబద్ధం చెప్పట్లేదు. నేను అలా అనేవాణ్ణే. ఆ రోజుల్లో నాకు బెంచీల మీదున్న ధ్యాస మనుషుల మీద ఉండేది కాదు." చెయ్యి చాచి గాల్లో తడిమాడు. బాబాయి మోకాలు తగిలితే దాని మీద చెయ్యి వేసి, "తప్పు అబ్బాయ్. చాలా పెద్ద తప్పు" అన్నాడు.

బాబాయి లేచి, "సరేలెండి, పడుకోండి" అన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనకనించి, "వచ్చే వారం వస్తావా?" అని వినిపించింది. "చూద్దాం" అని వచ్చేశాడు.

ఇంటికొచ్చి పిన్ని దగ్గర కూలబడ్డాడు. "ఆయనకి గుర్తే లేదే! నేను ఒక్క ఆదివారం కూడా మర్చిపోలేదు. ఆయనకేమో అసలు గుర్తే లేదు. మరి నేను ఇన్నాళ్ళూ పగబట్టింది ఎవరి మీద?"

"బెంచీ మీద" అంది పిన్ని.

కాసేపు ఉడుక్కున్నాడు. ఆ తర్వాత పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ముఖం తుడుచుకున్నాడట. పిన్ని చూడనట్టు కిటికీవైపు తిరిగింది.

మరుసటి వారం వెళ్ళాడు. ఆ తర్వాతి వారమూ వెళ్ళాడు. పెద్దాయన గోడవైపు తిరగడం మానేశాడు. ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పడేది కాదు. బాబాయి కథలో తప్పు చెబితే పెద్దాయన దిద్దేవాడు, దిద్దితే బాబాయి వాదించేవాడు. వాళ్ళ గొంతులు వీధిలోకి వినిపించేవి. మనవరాలు మాత్రం తలుపు మూసేది కాదు.

చలి ముదిరిన రోజుల్లో పెద్దాయన నిద్రలోనే పోయాడు. భూస్థాపనకి ముందు ఆరాధన కోసం శవపెట్టెని మందిరంలోకి తేవాలి. నాలుగో మూల పట్టుకోవాల్సిన అల్లుడికి నడుం నొప్పి. మనవరాలు చుట్టూ చూసి, "బాబాయ్" అంది. బాబాయి వచ్చి భుజం పెట్టాడు. ముందు వాకిలిగుండా, బెంచీల మధ్యగుండా నడిచి పెట్టెని దించారు. మిగతా ముగ్గురూ తమ తమ చోట్లకి వెళ్ళి కూర్చున్నారు. బాబాయి ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. అప్పటికి చేతికర్ర పట్టుకుని మెల్లగా నడవగలుగుతున్న పిన్ని ఆ రోజు మందిరానికి వచ్చి తన చోట కూర్చుని ఉంది. ఆమె ఆయన వైపు చూడకుండానే తన బెంచీ మీద కాస్త లోపలికి జరిగింది. బాబాయి వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు. నేను వెనక వరసలో ఉన్నాను. ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదని ఎంతగా కోరుకున్నానో! ఎవరూ చూడలేదు.

ఎవరైనా రెండు మాటలు చెప్పాలనుకుంటే చెప్పమన్నారు పాస్టరుగారు. బాబాయి లేచాడు. "ఆయన నన్నొకసారి లెమ్మన్నారు. ఒకసారి పక్కన కూర్చోమన్నారు. నాకు రెండోదే గుర్తుంచుకోవాలనుంది" అన్నాడు. అంతే చెప్పి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆదివారం పాటలప్పుడు బాబాయి పిన్ని పక్కనే ఉంటాడు. శ్రుతి లేదు, తాళం లేదు, గొంతు మాత్రం గట్టిది. వాక్యం మొదలై మొదటి బిడ్డ ఏడవగానే బయటికి వచ్చేస్తాడు. సాయంత్రాలు ఇళ్ళకి వెళ్ళడం మానలేదు, ఈ మధ్య పిన్ని కూడా వెంట వెళ్తోంది.

మొన్న పక్క వీధిలో కాలు విరిగిన లారీ డ్రైవరింటికి వెళ్ళారు. ఆయనది మా సంఘం కాదు, రోడ్డుకి అవతలున్న మరో మందిరం. బాబాయి చెప్పిందంతా విని, "బాగుంది గాని అన్నా, నాకు మా పాస్టరుగారు ఏం చెప్పారో తెలుసుకోవాలనుంది. మాది మీ ఆరాధన అయ్యాకే మొదలవుతుంది" అన్నాడు. అదీ విని వచ్చి చెబుతానన్నాడు బాబాయి.

దారిలో పిన్ని, "మీకేమైనా మతిపోయిందా? ఒక్క ఆదివారం రెండు మందిరాలా?" అంది.

"మన ఆరాధన అయ్యాక నువ్వు ఇంటికెళ్ళి వంట చూడు. నేను వెనకే వస్తాను" అన్నాడు బాబాయి. "ముందు ఒక సంగతి కనుక్కోవాలి. వాళ్ళ మందిరానికి పక్క వాకిలి ఉందా?"