మా అత్త నోరు నేనే కట్టేశాను

మా పాపకి మూడేళ్లు నిండినా నోట మాట రాలేదు. దానికంటే నాలుగు నెలలు చిన్నదైన పక్కింటి పిల్ల ఒడియాలో పాటలు పాడేస్తోంది. మాది మాత్రం కావాల్సినదాని వైపు వేలు చూపించి ఊరుకునేది. నాకు తిండి సయించేది కాదు. మూగదైపోతే ఏటి గతి? ఆ మాట పైకి అనడానిక్కూడా భయమే.

మాటలొస్తాయంటే వసకొమ్ము అరగదీసి నాలుక్కి రాశాను. డాక్టరుకి చెవులు చూపిస్తే బాగానే ఉన్నాయన్నారు. మరి మాటెందుకు రాదని భయం ఇంకా పెరిగింది.

బరంపురంలో మాది బట్టల కొట్టు. నేనూ మా ఆయనా పొద్దున్న వెళితే సాయంత్రానికి వస్తాం, పగలంతా పాప మా అత్త దగ్గరే. రెండు భాషలు కలిస్తే పిల్ల తికమకపడి వెనకబడిపోతుందని కొట్లో ఎవరో అన్నారు. అంతే, పాప ఏడాది పిల్లగా ఉన్నప్పుడే రూలు పెట్టేశాను: దాని ముందు తెలుగు వద్దు, ఒడియాయే. అత్తది ఇక్కడికి దగ్గర్లోనే రామయ్యపట్నం వైపు, తెలుగే మాట్లాడే పల్లె. ఆవిడకి ఒడియా వచ్చింది కూరల బేరం వరకే. సరేలే అంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చివరికి మాటలు నేర్పే మేడమ్‌కి చూపించాం. పగలు పాపతో ఎవరుంటారని అడిగింది. అత్త ఉంటుంది, తెలుగు మాట్లాడనివ్వం అని గొప్పగా చెప్పాను. మేడమ్ రాయడం ఆపేసింది. రెండు భాషలు కలిస్తే పిల్ల వెనకబడుతుందన్నది పాత భయమట. ఇప్పుడు పరిశోధన చేసేవాళ్లు పిల్ల చెవిన రోజూ ఎంత మాట పడుతోందో చూస్తారట, వచ్చిన మాటలు కూడా రెండు భాషలవీ కలిపే లెక్కపెడతారట. వేరే కారణం కూడా ఉండొచ్చు, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తానంది.

"మరి మీ అత్తగారు పాపతో ఏ భాషలో మాట్లాడతారు?"



అదే చూద్దామని మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అత్త అన్నం పెడుతోంది. ముద్ద చూపించి తన నోరు తెరిచింది. పాప తల అడ్డంగా ఊపింది. అత్త కిటికీలో కాకిని వేలితో చూపించింది. పాప అటు చూసి ముద్ద మింగింది. ఇద్దరి నోటా ఒక్క మాట లేదు. రెండేళ్లుగా నా ఇంట్లో ఇదే జరుగుతోంది.

మాటాడు అత్తా, తెలుగులోనే మాటాడు అంటూ అక్కడే కూలబడ్డాను. ఆవిడ నన్నూ పాపనీ మార్చి మార్చి చూసింది.

"నిజంగా మాటాడొచ్చా అమ్మా? పిల్ల పాడైపోనాదని మళ్లీ నన్ననవు కదా?"

పాప నమలడం ఆపేసింది. చెయ్యి చాపి, వేలితో మా అత్త పెదాలు ముట్టుకుంది. అవి మళ్లీ కదులుతాయేమోనని చూస్తూ కూర్చుంది.