నేను చావనివ్వని మొసలి

ఇన్నేళ్లూ నన్ను నవ్వించే మనిషిగానే చూశారు. ఆ నవ్వుల కింద ఒక పాపం దాచుకుని తిరిగాను. ఇక మోయలేను. మీరు వినండి.

మార్కాపురంలో పలకల షెడ్డు. నేను లారీలకు సరుకు ఎత్తేవాణ్ని. షావుకారు నాకు ఇంకో పని అప్పజెప్పాడు: పలకలు రుద్దే పిల్లల మధ్య కూర్చుని కథలు చెప్పడం. కథ వింటుంటే వాళ్లు లేచి తిరగరు, చేతులు వాటంతటవే ఆడుతుంటాయి. సాయంత్రం మాత్రం మంచి పట్టులో ఆపేయాలి. అలా ఆపితే మర్నాడు పిల్లలు నాకంటే ముందే వచ్చి కూర్చునేవారు.

కంభం చెరువులో బస్సును మింగిన మొసలి కథ నాది. మొసలి కడుపులో బస్సు, బస్సులో కండక్టరు, ఇంకా టికెట్లు కొడుతూనే ఉంటాడు. తర్లుపాడు నుంచి వచ్చే సువార్త అనే పిల్ల నవ్వి నవ్వి దగ్గేది. ఆ దగ్గు నవ్వుది కాదని, పలకల దుమ్ముదని నాకు తెలియదా? తెలుసు.

ఒకరోజు వాళ్ల ఊరి బడి సారు వచ్చి, "రా తల్లీ, బడికి పోదాం" అన్నాడు.

"మొసలి సచ్చినాక వస్తా సార్" అంది సువార్త. నా వైపు తిరిగి, "ఎప్పుడు సస్తాది మామా?"

"రేపు సస్తాదిలేమ్మా."

సారు నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు బిడ్డల్లేరా ఏంది?"

ఉన్నాడు, ఒక కొడుకు. ఆ పూట బడిలోనే ఉన్నాడు.

మర్నాడు మొసలి చేత గుడ్లు పెట్టించాను. ఆ గుడ్లు పిల్లలయ్యాయి. సారు మళ్లీ మళ్లీ వచ్చి, చివరకు రావడం మానేశాడు.

పేదరికం వల్లే పిల్లలు పనిలోకి వస్తారని ఇప్పటికీ చెప్తుంటారు. వింటే ఒళ్లు మండుతుంది. సువార్త నాయన పని దొరక్క ఆ షెడ్డు గేటు బయటే కూర్చునేవాడు! పెద్దవాడు పూర్తి కూలి అడుగుతాడు, ఎదురు తిరుగుతాడు. పిల్లకైతే ఒక మొసలి చాలు. ఆయన్ని లోపలికి పిలిచి ఆ పిల్లను బడికి పంపితే ఆ ఇల్లు గడవదా? పంపనివ్వనిది ఎవరు? షావుకారు ఒక్కడేనా? నేను కాదా?

మొన్న కంభం బస్సులో సువార్త కనిపించింది. ఊపిరాడక కిటికీ ఊచ పట్టుకుని ఉంది. పక్కన బడి సంచితో కూతురు, ఆ పక్క సీట్లో నేను.

"మొసలి సచ్చిందా మామా?" అని నవ్వబోయి దగ్గింది.

"మొసలీ లేదు, ఏం లేదమ్మా. నువ్వు పని కాడ నుంచి లేవకుండా షావుకారు చెప్పమన్నాడు, చెప్పినాను. నువ్వు బడికి పోతానంటే కూడా సాగదీసినాను."

కూతుర్ని నా పక్క నుంచి లేపి కిటికీ వైపు కూర్చోబెట్టుకుంది.

మంచి పని చేసింది. నేను మాత్రం మొదటిసారి ఒక కథను చివరిదాకా చెప్పాను.