ప్లగ్గుకు వదిలిన చోటు

వేలూరులోని ల్యాప్‌టాప్ అంగట్లో చిన్నరాజు మేస్త్రీ ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. కూతురు శరణ్యది ఇళ్ల ప్లాన్లు గీసే చదువు. నెలాఖరుకు గీసి చూపకపోతే ఏడాది పోయినట్టే.

“చిన్నదాంట్లో పొద్దంతా చార్జి నిలుస్తాది, కానీ ప్లాన్ల సాఫ్ట్‌వేర్ ఎక్కదు నాయనా,” అంది శరణ్య. “పెద్దదాంట్లో ఎక్కుతాది. కాలేజీలో చార్జి పెట్టుకొచ్చినా గుడియాత్తం చేరి గీసేలోపల ఆగిపోతాది.”

“ఇంట్లో ప్లగ్గు లేదా?” అన్నాడు అంగడి యజమాని గిరిప్రసాద్.

ఊరూరా గోడల్లో ప్లగ్గులకు చోటు వదిలి ఇళ్లు కట్టినవాడు చిన్నరాజు. కట్టినన్నాళ్లూ పెళ్లాంబిడ్డలతో ఆ మొండిగోడల మధ్యే కాపురం. పోయినేడు పళ్ళికొండలో, ఇప్పుడు గుడియాత్తంలో.

“కట్టే ఇంట్లోనే ఉండాము. కరెంటు ఇంకా రాలేదు.”

“ఎప్పుడొస్తాది?”

“వారంలో ఇస్తామన్నారు.”

“ఇంకేమప్పా, పెద్దదే తీసుకో,” అంటూ గిరిప్రసాద్ అట్టపెట్టె కిందికి దించాడు.

శరణ్య తల వంచుకుంది.

“కరెంటొచ్చిన పొద్దే ఇంటోళ్లు పాలు పొంగిస్తారప్పా,” అన్నాడు చిన్నరాజు. “మేము ముందురోజే ఖాళీ చెయ్యాల.”