రుమాలు లేని చేతులు

మెట్‌పల్లి పసుపు యార్డులో యూనుస్ చెయ్యి నొక్కాడంటే బేరం అయిపోయినట్టే. వేలమంతా కంప్యూటర్లోకి పోయినా, ఆయన అడ్తి కమీషన్ దుకాణంలో మాత్రం తండ్రి నేర్పిన పద్ధతే నడుస్తుంది. భుజం మీది రుమాలు కప్పి, దాని కింద రైతు వేళ్లు పట్టి ధర చెప్తాడు. రైతు ఒప్పుకుంటే చెయ్యి గట్టిగా నొక్కుతాడు. అలా నొక్కాక ముప్పై ఏళ్లలో ఒక్కసారీ మాట తప్పలేదు. మార్కెట్ కుప్పకూలిన ఏడు కూడా తప్పలేదు.

ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

పసుపు యార్డుకు వచ్చే రోజుల్లో టీవీలో మన నాయకుడూ ఇరాన్ నాయకుడూ చేతులు కలిపి నవ్వారు. వ్యూహాత్మక భాగస్వామ్యమట, ఓడరేవట, వేల ఏళ్ల స్నేహమట. యూనుస్‌కు ఆ మాటలు పట్టలేదు, చేతులే కనిపించాయి. రుమాలైనా లేకుండా లోకం ముందు పట్టుకున్న చేతులు! ఇంతకంటే గట్టి బేరం ఏముంటుందనుకున్నాడు. ఏటా ముంబయి వ్యాపారి ద్వారా ఇరాన్ చేరే సరుకును ఈసారి నేరుగా తానే పంపుతానని అక్కడి కొనుగోలుదారుకు మాటిచ్చాడు. నిజామాబాద్ మార్కెట్‌కు ట్రాలీ కట్టబోతున్న రైతు మల్లన్నను ఆపాడు.

"జర ఆగు మల్లన్నా. సర్కార్లే చేతులు కలిపినయ్. నీ పసుపు ఇరాన్ పోతది, ఫికర్ చెయ్యకు."

మల్లన్న రుమాలు కింద చెయ్యి నొక్కి, సరుకు పోయాకే డబ్బు అన్న మాట మీద ఏడాది పంటంతా యూనుస్ గోదాంలో దించి పోయాడు.

ఏప్రిల్ పోయింది, మే పోయింది. కరీంనగర్‌లో బ్యాంకు మేనేజర్ వంశీధర్‌రావు, ఇరాన్ సొమ్ము రావడానికి పెట్టిన ఎగుమతి కాగితాలు ముట్టుకోనే లేదు.

"గా దేశం మీద అమెరికా ఆంక్షలున్నయ్ యూనుస్ భాయ్. తిండి సరుకుకు మినహాయింపు ఉన్నదంటరు గని, పైనుంచి వద్దన్నరు."

"మరి టీవీల నవ్విందెవలు సార్?" యూనుస్ లేచి నిలబడ్డాడు. "రేవు కడ్తమంటిరి, దోస్తీ అంటిరి. ఒక్క రైతు పసుపు పోయేటందుకు తొవ్వ లేదా?"

"నన్నడిగితే నేనేం జెప్త? నేను బ్యాంకోన్ని."

ఒళ్లు మండేది అక్కడే. ఢిల్లీ బ్యాంకును చూపిస్తుంది, బ్యాంకు అమెరికాను చూపిస్తుంది, అమెరికాను నిలదీయడానికి మెట్‌పల్లి నుంచి బస్సు లేదు. పెద్ద దేశమైపోతున్నామని రొమ్ము విరుచుకునేవాళ్లు, అవతలివాడు కన్నెర్ర చేయగానే చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. సిగ్గన్నా ఉండొద్దా?

తొలకరికి గోదాంలోకి చెమ్మ దిగింది. పసుపు కొమ్ములకు పురుగు పట్టింది. కబురు విని వచ్చిన మల్లన్న ఒక కొమ్ము తీసి విరిచాడు. లోపలంతా పిండి.

యూనుస్ అరవడం మొదలుపెట్టాడు. ఢిల్లీని తిట్టాడు, అమెరికాను తిట్టాడు, ఇరాన్‌నూ వదల్లేదు. మల్లన్న చివరిదాకా విన్నాడు.

"గాళ్లెవలో నాకెర్క లేదు సేటూ," అన్నాడు. "నేను చెయ్యిచ్చింది నీకు."

మల్లన్న తన బస్తాలు ఒక్కొక్కటీ తానే మోసి ట్రాలీలో వేసుకున్నాడు. యూనుస్ సాయం పట్టబోతే వద్దన్నాడు.