కోడ్ ఎవరి ఫోన్‌కి వస్తుందమ్మా

"వాళ్ళకి వాడటం రాదండి."

ఈ మాట మా యూనివర్సిటీలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆన్‌లైన్ జర్నళ్ళు ఎవరూ తెరవడం లేదేమంటే, వాళ్ళకి వాడటం రాదండి. లాగిన్ పేజీ దగ్గరే అందరూ ఆగిపోతున్నారంటే, వాళ్ళకి వాడటం రాదండి. చెప్పేవాళ్ళు ఎంత మెత్తగా, ఎంత మర్యాదగా చెబుతారంటే, ఎదురు చెప్పినవాళ్ళే మొరటు మనుషుల్లా కనిపిస్తారు. నాకు మొరటుగా కనిపించడం ఇష్టమే. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం రోజూ పాసింజర్ రైల్లో వెళ్ళొచ్చే ఆడమనిషికి మోచేతులు ఎందుకున్నాయో బాగా తెలుస్తుంది. నేను అక్కడి లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని.

ఇదివరకు ఒక్కో పబ్లిషర్ సైట్‌కి ఒక్కో పాస్‌వర్డ్ ఉండేది. ఆ చీటీలన్నీ నా టేబుల్ అద్దం కింద ఉండేవి. కావలసినవాళ్ళు వచ్చి రాసుకుని పోయేవాళ్ళు. తర్వాత అన్నిటికీ కలిపి ఒకే లాగిన్ పెట్టారు. హాజరుకి, మార్కులకి, లైబ్రరీ పుస్తకాలకి, జర్నళ్ళకి అదే. "ఒక్క తాళంచెవితో అన్ని తలుపులూ తెరుచుకుంటాయండి" అని కంప్యూటర్ సెంటర్ అధికారి సంబరంగా చెప్పారు. ఆలోచన మంచిదే, కాదనను. కానీ ఆ తలుపు దాకా వెళ్ళే దారి ఎవరూ చూడలేదు. పబ్లిషర్ సైట్‌లోకి వెళితే మీ సంస్థను ఎంచుకోండి అంటుంది. ఎంచుకోబోతే ప్రపంచంలోని యూనివర్సిటీలన్నీ వచ్చి వరసలో నిలబడతాయి. ఆ పక్కనే కొత్త ఖాతా తెరవండి అని ఒక పెద్ద బటన్. మా పిల్లలు బుద్ధిమంతులు, పెద్ద బటనే నొక్కుతారు. పేరూ ఊరూ ఇచ్చి ఖాతా తెరిచి లోపలికి వెళ్ళాక, ఈ వ్యాసం చదవాలంటే డబ్బు కట్టండి అంటుంది. యూనివర్సిటీ ఆ డబ్బు ముందే కట్టిందని ఆ పేజీకీ తెలియదు, పిల్లలకీ తెలియదు. నోరు మూసుకుని వెనక్కి వచ్చేస్తారు.

అందుకని ఒక వేసవంతా కూర్చుని లైబ్రరీ పేజీ మార్పించాను. ఉన్న బటన్లన్నీ తీసేయించి ఒక్కటే ఉంచాను. దాని మీద తెలుగులో "జర్నళ్ళు చదవడానికి ఇక్కడ నొక్కండి" అని రాయించాను. అది నొక్కితే సంస్థల వరసతో పని లేకుండా నేరుగా మా లాగిన్ పేజీకే వెళుతుంది. ఇబ్బంది పడితే ఫోన్ చేయమని కింద లైబ్రరీ నంబర్ ఇచ్చాను. చాలా గర్వపడ్డాను. ఇక వాడటం రాదండి అనే మాట ఎవరంటారో చూద్దామని ఎదురుచూశాను.

అప్పుడు వచ్చింది ఆవిడ. కైకలూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్, జువాలజీ చెబుతుంది. కాపురం కలిదిండి దగ్గర ఒక పల్లెలో. మా దగ్గర పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తోంది. భర్త రొయ్యల చెరువులు చేస్తాడు. ఒక ఏడాది రొయ్యలకి వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల జబ్బు వచ్చి వాళ్ళ చెరువులు ఖాళీ అయిపోయాయట. అందుకే పరిశోధనకి ఆ జబ్బునే తీసుకుంది. దాని మీద ఇప్పటిదాకా వచ్చిన వ్యాసాలన్నీ చదివి ఒక అధ్యాయం రాసి ఇవ్వాలి. ఈ టర్మ్ ఆఖరుకి ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని గైడ్ చెప్పేశారు.

"ఈసారి గడువు పొడిగించరంట మేడం," అంది. "ఇది కూడా పోతే మళ్ళీ మొదలెట్టే ఓపిక నాకు లేదండి."

కాలేజీకి సెలవు పెట్టి, బస్సులో కొల్లేరు దాటి ఏలూరు వచ్చి, అక్కడ రైలెక్కి వచ్చింది. కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి పక్కన కుర్చీ వేసుకున్నాను. నా బటన్ నొక్కింది. లాగిన్ పేజీ వచ్చింది. రోల్ నంబర్, పాస్‌వర్డ్ తడుముకోకుండా కొట్టింది. నేను మురిసిపోతున్నాను. అప్పుడు, మీ మొబైల్‌కి కోడ్ పంపాం అని వచ్చింది. ఆవిడ ఫోన్ బల్ల మీదే ఉంది. అది కదల్లేదు.

"రాలేదామ్మా?" అన్నాను.

"నాకు రాదు మేడం. ఆయనకి వెళ్తుందండి," అని భర్తకి ఫోన్ కలిపింది.

ఆయన చెరువు మీద ఉన్నాడు, మేత వేసే వేళ. నీళ్ళలో పడకుండా ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టు మీది షెడ్డులో తగిలిస్తాడట. చాలాసేపు మోగాక ఎత్తాడు. ఆవిడ స్పీకర్ పెట్టింది. లైబ్రరీ నిండా చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు.

"ఏవండీ, మెసేజ్ ఒకటి వచ్చుంటుంది. అందులో అంకెలు చెప్పండి."

"ఏం మెసేజ్?"

"ఓటీపీ అండి."

కాసేపు ఏరేటర్లే మాట్లాడాయి. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులో మరీ మరీ చెప్పారు కదా," అన్నాడు.

"నేనేనండి అడుగుతున్నది."

"నువ్వేలే. కానీ ఇప్పుడు మనోళ్ళ గొంతుతోనే మాట్లాడి మోసం చేసేత్తన్నారంట."

నేను నవ్వాను, ఆవిడా నవ్వింది. ఆయన నమ్మి, కళ్ళజోడు వెతుక్కుని, అంకెలు చదివేసరికి గడువు అయిపోయిందంది పేజీ. మళ్ళీ కోడ్ పంపమన్నాం. ఆయన పాత మెసేజ్ చదివాడు. ఇంకోసారి పంపేసరికి ఫోన్ మళ్ళీ కవర్లోకి వెళ్ళింది, ఆయన పడవెక్కాడు. చివరికి పేజీకి కోపం వచ్చి, మీ ఖాతాని రేపటిదాకా ఆపేశాం అంది. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"ఇంటి దగ్గర ఆయనుండగా చూసుకోవచ్చు కదమ్మా," అన్నాను.

"ఆయనున్నప్పుడు నాకు వంట, పిల్లలు. నాకు తీరిక దొరికేసరికి ఆయన చెరువు మీదుంటారండి," అని బ్యాగ్ తగిలించుకుంది. రైలుకి టైమైంది.

నా పేజీ మీద నాకున్న గర్వం ఆ సాయంత్రం రైల్లోనే దిగిపోయింది. భీమడోలు వచ్చేసరికి కోపం మొదలైంది, ఏలూరు వచ్చేసరికి బాగా ముదిరింది.

మర్నాటి నుంచి కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతి ఆడపిల్లనీ ఒకటే అడిగాను. "కోడ్ ఎవరి ఫోన్‌కి వస్తుందమ్మా?" నాన్నకండి. అన్నయ్యకండి. జంగారెడ్డిగూడెంలో ఉండే మావయ్యకండి, ఆయనే అప్లికేషన్ పెట్టారు. ఒకమ్మాయైతే, మా ఊరి నెట్ సెంటర్ ఆయనకండి అంది. ఆయన అందరి అప్లికేషన్లలోనూ తన నంబరే కొట్టేవాడట, పని తొందరగా అవుతుందని. ఆ ఊరి చదువులన్నీ ఆయన జేబులో ఉన్నాయి. మరి కోడ్ ఎలా తెచ్చుకుంటున్నారంటే, మేం జర్నళ్ళ జోలికి పోమండి అన్నారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఫోన్ ఉంది. చేరేటప్పుడు ఇంటి పెద్ద నంబర్ ఇవ్వడం మా వైపు మర్యాద, అంతే. ఆడపిల్ల నంబర్ కాగితాల మీద పడకూడదని ఇంట్లో అనుకుంటారు, ఆఫీసులో అడగరు.

కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళాను. అధికారి కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఓపిగ్గా విన్నారు.

"అది సెక్యూరిటీ అండి. మీరు వాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వండి."

"దేంట్లో అండి? మొగుడి చేత ఓటీపీ చెప్పించుకోవడంలోనా?"

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "నంబర్ మార్చుకోవచ్చండి. ఫారం ఉంది. గార్డియన్ సంతకం చేయించి తెస్తే చాలు."

"ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి. కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆవిడకి గార్డియన్ ఎవరండి?"

"రూల్ అండి."

"మీ కోడ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది?"

"నాకేనండి."

"మీ నాన్నగారు సంతకం పెట్టారా?"

ఆ రూల్ ఎక్కడ రాసుందో చూపించమన్నాను. వెతికారు. ఎక్కడా లేదు. ఎప్పటిదో హాస్టల్ ఫారం చూసి ఈ ఫారం తయారుచేశారు, ఆ సంతకం గడి కూడా దాంతో పాటే వచ్చేసింది. "అదంతేనండి, మొదట్నుంచీ ఉంది," అన్నారు చివరికి.

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. చుట్టుపక్కల పల్లెల పిల్లల్లో చాలామంది ఆవిడ చేతుల మీదే పుట్టారు. అయినా చర్చి రికార్డులో అమ్మ పేరు మా నాన్న పేరు కిందే ఉండేది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే అదంతే అన్నారు. అప్పట్నుంచీ ఆ మాటంటే నాకు పడదు.

లైబ్రరీ సభ్యుల వివరాలు సరిచేసే అధికారం లైబ్రరీదే. చిరునామా మారినా, శాఖ మారినా మేమే మారుస్తాం. ఇక్కడ మార్చినది దానంతటదే లాగిన్‌లోకి ఎక్కుతుంది. ఫోన్ నంబర్ కూడా ఆ వివరాల్లో ఒకటి. ఇన్నాళ్ళూ ఎవరూ దాని జోలికి పోలేదు, నేనూ పోలేదు. ఇప్పుడు పోయాను. లైబ్రరీ వరండాలో టేబుల్ వేయించి, గోడకి పెద్ద అక్షరాలతో నోటీసు అంటించాను. "మీ కార్డు, మీ ఫోన్ తెచ్చుకోండి. ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు."

వచ్చారు. మొదట ఇద్దరు ముగ్గురు, తర్వాత వరండా నిండా. మగపిల్లలు కూడా వచ్చారు, నెట్ సెంటర్ ఆయన వాళ్ళనీ వదల్లేదు. కార్డు చూసి, వాళ్ళ ఫోన్‌కి నేనే రింగ్ ఇచ్చి, నా ముందు మోగితేనే నంబర్ ఎక్కించాను. ఇంట్లో ఏమంటారోనండి అని ఒకమ్మాయి అడిగింది. ఏమన్నా అంటే నా పేరు చెప్పమన్నాను.

అంతలో పైనుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా నంబర్లు ఎందుకు మార్చారో వివరణ ఇవ్వాలట. ఎవరి నంబరో వాళ్ళ అనుమతితోనే మార్చానని రాసి పంపాను. ఉద్యోగం సంగతి చూసుకోమని స్టాఫ్ రూమ్‌లో మంచి కోరి చెప్పారు. భయం వేయలేదంటే అబద్ధం. కానీ టేబుల్ తీయలేదు. ఆ జవాబుకి తిరుగు జవాబు ఇంతవరకు రాలేదు. ఫారం మీద సంతకం గడి ఇంకా అలాగే ఉంది. నేనూ అలాగే ఉన్నాను.

కలిదిండి ఆవిడ ఆ వారమే వచ్చి నంబర్ మార్పించుకుంది. మళ్ళీ వచ్చినప్పుడు అదే కంప్యూటర్ దగ్గర కూర్చుంది. బటన్ నొక్కింది. ఈసారి బల్ల మీద ఫోన్ కదిలింది. ఆవిడ దాన్ని వెంటనే అందుకోలేదు. కాసేపు అలా చూసి, తర్వాత అంకెలు ఒక్కొక్కటీ కొట్టింది. వ్యాసం తెరుచుకుంది.

"ఇంతేనా మేడం," అంది. కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇంతేనమ్మా," అన్నాను.

ఆ రోజు నుంచి సెలవు దొరికితే చాలు వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. మిగతా రోజుల్లో ఇంటి దగ్గర, పిల్లలు పడుకున్నాక, ఎవరినీ అడక్కుండా చదువుకునేది. అధ్యాయం గడువులోపలే ఇచ్చింది. ఇవ్వడానికి కొద్ది రోజుల ముందు, ఒక మధ్యాహ్నం లైబ్రరీకి ఫోన్ వచ్చింది. వెనకాల ఏరేటర్లు వినపడగానే ఎవరో తెలిసిపోయింది.

"మేడం గారండి, మా ఆవిడ ఓటీపీలు నాకు రావడం లేదండి," అన్నాడు, చాలా మర్యాదగా.

"అవునండి. ఇక రావు. ఆవిడ నంబర్‌కే వెళ్తాయి."

"అలాగాండి." "అది వత్తే, ఆవిడ లైబ్రరీకి వచ్చిందని తెలిసేదండి నాకు. ఇప్పుడక్కడే ఉందాండి?"

కిటికీ వైపు చూశాను. ఆవిడ తల వంచుకుని రాసుకుంటోంది.

"ఆవిడ్నే అడగండి," అన్నాను. "ఆవిడ నంబర్ మీ దగ్గరుంది కదండి."

ఫోన్ పెట్టేశాను. కాసేపటికి ఆవిడ ఫోన్ వెలిగింది. చూసుకుని, తర్వాత చేస్తానని మెసేజ్ పెట్టి, మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది.