షడ్డకుడి పాలసీ

నాకు మా షడ్డకుడంటే అసూయ. ముందే చెప్పేస్తున్నాను, మళ్ళీ మీరు కనిపెట్టే శ్రమ ఎందుకు? షడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. చింతామణిలో నాది షామియానాల అంగడి. బాగేపల్లిలో వాడిదీ షామియానాల అంగడే. వాడికి ఆ పని నేర్పింది నేను. పెళ్ళైన కొత్తలో ఊరికే తిరుగుతుంటే, మామగారి మాట కొట్టేయలేక నా దగ్గర పెట్టుకున్నాను. గుంజ ఎలా నిలబెట్టాలో, తాడు ఎక్కడ బిగించాలో, ఎక్కడ కాస్త వదులు ఉంచాలో రెండేళ్ళు చెప్పాను. మూడో ఏడు వెళ్ళి బాగేపల్లిలో సొంతంగా బోర్డు పెట్టుకున్నాడు. ఏకు మేకైందని పెద్దలు ఊరికే అన్నారా!

అంగడి పెట్టాడని కాదు నా కడుపుమంట. బతకనీ, ఎవరొద్దన్నారు? మంట మామగారి దగ్గర. బట్లహళ్ళిలో నాలుగెకరాల తోట, టమాటా, కాసిన్ని మల్బరీ చెట్లు తప్ప లోకం తెలియని మనిషి ఆయన. ఎవరినీ నోరారా మెచ్చుకోడు. ఇరవై ఏళ్ళుగా నన్ను "బాగుండావా అప్పా" అని పలకరించడమే తప్ప ఇంకో మంచి మాట అనలేదు. పోనీలే, ఆయన తీరే అంత అని సరిపెట్టుకున్నాను. అలాంటిది ఒకరోజు పక్క తోటాయనతో, "మా చిన్నల్లుడు తెలివైనోడు" అంటుంటే ఈ చెవులతో విన్నాను. ఆ రోజు అన్నం సహించలేదు. ఆ మాట ఆయన నోట నా గురించి కూడా రావాలి, వాడి ఎదురుగానే రావాలి. నాకు కావలసింది అదొక్కటే. నలభై ఏడేళ్ళ మనిషికి ఇదేం కోరిక అంటారా, అనుకోండి.

ఇంత మంట పెట్టుకుని కూడా మేము సామాను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాం. ఈ వ్యాపారంలో అది మామూలే. ముహూర్తాల రోజుల్లో ఒకరికి కుర్చీలు తక్కువైతే ఇంకొకరు పంపాలి, గుంజలు తక్కువైతే అడిగి తెచ్చుకోవాలి. కలిసిపోకుండా ఎవరి గుంజలకు వాళ్ళు రంగు వేసుకుంటారు. నాది ఎరుపు, వాడిది నీలం.

కిందటేడు చిక్కబళ్ళాపురం దగ్గర ఒక ఫ్యాక్టరీ వాళ్ళు వార్షికోత్సవానికి పందిరి కావాలని మా ఇద్దరినీ ఒకే రోజు పిలిచారు. మేము షడ్డకులమని వాళ్ళకు తెలియదు. మేనేజరు కన్నడంలో అడిగాడు, పందిరి పడి వచ్చినవాళ్ళకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, మీకు లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందా అని. నేను నవ్వాను. ఇరవై ఏళ్ళుగా మురుగమల్ల దర్గాకు వచ్చే జనానికి నీడ వేస్తున్నాను సార్, ఒక్క గుంజ ఒరగలేదు, నా మాటే నా ఇన్సూరెన్స్ అన్నాను. చాలా గొప్పగా చెప్పాననుకున్నాను. పక్కన షడ్డకుడు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితం బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత మేనేజరు నా మొహం చూస్తే ఒట్టు.

బయటికొచ్చాక వాడు నా వెనకాలే వచ్చాడు. "అన్నా, కోపం చేసుకోవద్దు. నువ్వూ ఒకటి చేయించుకో. ఎవురి దగ్గరికి పోవల్లో నేను చెప్తా."

"నాకు తెల్సులే పో" అన్నాను. నాకేం తెలుసు, నా మొహం!

కానీ ఒక పని చేశాను. కాగితం బల్ల మీద ఉన్నప్పుడే తలకిందులుగా రెండు ముక్కలు చదివేశాను. పది లక్షలు అన్నది ఒకటి, మొదలైన తేదీ ఒకటి. ఇంటికొచ్చి కాలెండరు తిరగేస్తే అది శనివారం, పైగా అష్టమి. ఓహో, రోజు కూడా చూసుకోకుండా చేయించాడన్నమాట, తెలివైనోడు! ఎన్నాళ్ళకో కాస్త హాయిగా నిద్రపట్టింది.

ఆ బుధవారం చింతామణి బస్టాండు వెనక మేడ మీద ఇన్సూరెన్స్ చేయించే ఆమె దగ్గరికి వెళ్ళాను. కళ్ళద్దాల ఆమె, నెమ్మదస్తురాలు. కూర్చోబెట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఇది నీ సామాన్లకు కాదప్పా. నీ గుడ్డ కాలినా, నీ గుంజ విరిగినా ఇందులో పైసా రాదు. నీ పని వల్ల బయటి మనిషికి దెబ్బ తగిలితే, వాళ్ళ వస్తువు పాడైతే, ఆ ఖర్చుకు ఇది. నీ పనోళ్ళకు తగిలితే దానికి మళ్ళా వేరే ఉండాది."

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. పందిరి కింద ఎంతమంది కూర్చుంటారు? ఎంత ఎత్తు కడతారు? జనరేటరు నీదా, అద్దెదా? నేలలో మేకులు కొడతారా, సిమెంటు నేలైతే ఏం చేస్తారు? నేను అన్నిటికీ ఊఁ, ఆఁ అంటున్నాను. నా మనసంతా ఒకే ఒక్క అంకె మీద ఉంది.

"ఇరవై లక్షలకు రాయమ్మా" అన్నాను.

"ఎందుకప్పా ఇరవై?"

"బాగేపల్లిలో ఒకాయనది పది ఉండాది. దానికి రెండింతలు కావల్ల."

ఆమె పెన్ను కింద పెట్టింది. "నీ పందిరి కింద ఎంతమంది కూర్చుంటారో చూసి తీసుకోవల్లప్పా. పక్కోనిది చూసి తీసుకునేది కాదు ఇది."

"ఇరవై" అన్నాను. రాసింది. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టనా అని అడిగింది. నా పాలసీ అంత ఆషామాషీగా మొదలవుతుందా? శనివారం అమావాస్య. అమావాస్య ముందర మా వైపు చీపురు కూడా కొనరు. నేను అప్పటికే పురోహితుడిని అడిగి పెట్టుకున్నాను, అమావాస్య వెళ్ళాక గురువారం పంచమి దివ్యంగా ఉందట. వాడిది శనివారం అష్టమి, నాది గురువారం పంచమి. అంకెలోనూ నేనే మేలు, ముహూర్తంలోనూ నేనే మేలు.

"ఎనిమిది రోజులు ఊరికే వదిలేస్తావా? గాలికి అమావాస్య తెలుస్తాదా అప్పా?" అంది ఆమె.

"గాలికి తెలీకపోతే పోనీలేమ్మా, నాకు తెల్సు కదా" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ మెట్లు దిగాను.

అమావాస్య మర్నాడు ఆదివారం కెంచార్లహళ్ళిలో ఒక పెద్దాయన కర్మాంతరం. చావింటి పందిరికి ముహూర్తాలుండవు, పిలిస్తే పోవాలి. నా గుంజలు చాలక, ఆ వారమే బాగేపల్లి నుంచి తెచ్చుకున్న నీలం గుంజలు కూడా వాడాను. వాళ్ళ ఇంటి ముందంతా సిమెంటు రోడ్డు, మేకు దిగదు. అలాంటి చోట మేము డ్రమ్ముల నిండా నీళ్ళు పోసి, వాటికి తాళ్ళు కడతాం. నీళ్ళ బరువే మేకు. చేసేది చేసి, ఆ నీళ్ళు ముట్టుకోవద్దని ఇంటివాళ్ళకు చెప్పాలి. నేను చెప్పలేదు. ఆ పొద్దంతా నా బుర్రలో గురువారం గురించిన ఆలోచనే. పాలసీ కాగితం తీసుకెళ్ళి మామగారికి ఏ వంకతో చూపించాలా అని లెక్కలు వేసుకుంటున్నాను.

మొదటి పంక్తి భోజనాలు అయ్యాయి. జనం లేచి, కళ్ళెదుట నీళ్ళు కనిపిస్తుంటే ఊరుకుంటారా? చెంబులు ముంచి చేతులు కడిగారు, కాళ్ళు కడిగారు. డ్రమ్ములు సగానికి సగం ఖాళీ. మధ్యాహ్నం ఒక సుడిగాలి వచ్చింది, వేసవి చివర వచ్చే మామూలు గాలే. డ్రమ్ము దొర్లింది, గుడ్డ పైకి లేచింది, ఒక గుంజ ఊడి వచ్చి, గోడవారన కూర్చున్న ముసలావిడ మీద పడింది. ఆ కేక ఇప్పటికీ చెవిలోంచి పోలేదు. తుంటి ఎముక విరిగింది.

ఆమె కొడుకు మంచివాడు. ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "కేసు గీసు అంటే మాకూ తిరుగుడే కదన్నా. ఆపరేషన్ ఖర్చు నువ్వు చూసుకో, చాలు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మేడ మీది ఆమె దగ్గరికి పరిగెత్తాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "గురువారానికి ముందు జరిగినదానికి రాదప్పా. నువ్వే కదా వద్దంటివి" అంది. ఇంట్లో మా ఆవిడ ఒక్క మాటతో సరిపెట్టింది. "అంగట్లో అన్నీ ఉండాయి, అల్లుడి నోట్లో శని ఉండాది."

అప్పుడు నాకొక పాడు ఆలోచన వచ్చింది. ఆ ముసలావిడ మీద పడింది నీలం గుంజ. నీలం గుంజలు వాడివి. ఆ రోజు పందిరి కట్టింది తనేనని వాడు రాసిస్తే, వాడి పాలసీ కింద ఖర్చు వచ్చేస్తుంది. అంటే వాడి కాళ్ళు పట్టుకోవాలి. రెండు రాత్రులు నిద్రలేదు. మూడోరోజు, నీ చెల్లెలి బిడ్డను చూసొద్దాం పద అని మా ఆవిడకు అబద్ధం చెప్పి బాగేపల్లి వెళ్ళాను.

అక్కచెల్లెళ్ళు వంటింట్లోకి వెళ్ళారు. నేను, వాడు ముందుగదిలో కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలా అని నేను గొంతు సవరించుకున్నానో లేదో, వాడే అందుకున్నాడు.

"అన్నా, నాకంతా తెల్సింది. గుంజలు నావే కదా. ఆ పొద్దు పందిరి నాదేనని రాసి సహి పెట్టిస్తా. నువ్వేమీ మాట్లాడొద్దు."

"అది అబద్ధం కదరా" అన్నాను. నోరు ఎలా వచ్చిందో నాకు! ఆ అబద్ధం కోసమే కదా బస్సెక్కి వచ్చింది.

"అబద్ధమే. అయితే ఏమి, నువ్వు మునిగిపోతాంటే చూస్తా కూర్చునేదా?" అన్నాడు. తల వంచుకుని, "నీకేమన్నా, నీ మొగం చూసి పని ఇస్తారు. నన్ను చూసి ఎవురిస్తారు? ఈ కాగితం ల్యాకుంటే ఈ ఊర్లో నేను ఇప్పటికీ చింతామణి ఆయప్ప దగ్గర తాళ్ళు కట్టినోణ్ణే" అన్నాడు.

ఆ మాటకు నా కడుపు చల్లబడాలి. చల్లబడలేదు. అప్పుడు నా లోపల ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. ముందు సంతోషం వేసింది. ఖర్చు తప్పుతుందని కాదు. ఈ దొంగ కాగితం రేపు బయటపడితే వాడి పాలసీ పోతుంది, ఫ్యాక్టరీ పని పోతుంది, పేరు పోతుంది. ఆ ఊహ తియ్యగా ఉంది. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. అంతలో ఇంకో ఊహ వచ్చింది. బయటపడకపోతే? బట్లహళ్ళిలో మామగారు ఏమంటాడు? చిన్నల్లుడు పెద్దల్లుణ్ణి ఒడ్డున పడేశాడు అంటాడు. నేను బతికినంతకాలం అంటాడు. అది నా వల్ల కాదు.

"వద్దు. నా తప్పుకు నేనే కట్టుకుంటా" అన్నాను. తలెత్తి చూస్తే మా ఆవిడ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. వాడన్నదీ, నేనన్నదీ అంతా విన్నది. ఆ చూపులో నా మీద అంత గౌరవం నేను పెళ్ళైనప్పటి నుంచీ ఎరగను.

సామాను తోలడానికి నాకున్న రెండు బండ్లలో కొత్తది అమ్మేశాను. ముసలావిడకు ఆపరేషన్ అయింది, చేతికర్రతో నడుస్తోంది.

చలికాలం వచ్చింది. అనపకాయల రోజుల్లో మామగారు అల్లుళ్ళిద్దరినీ భోజనానికి పిలిచాడు. పితికిపప్పు చారు, రాగిముద్ద. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం, అత్తగారు వడ్డిస్తోంది. మా ఆవిడ పుట్టింట్లో అన్నీ చెప్పేసిందని నాకు అప్పుడు తెలిసింది. మామగారు గొంతు సవరించుకున్నాడు.

"మా పెద్దల్లుడు బండి అమ్ముకున్నాడు గానీ, దొంగ సహికి ఒప్పుకోల్యా. మనిషంటే అట్ల ఉండల్ల" అన్నాడు. తర్వాత చిన్నవాడి వైపు తిరిగాడు. "నువ్వుండావు, తప్పుడు కాగితం రాసిస్తానంటివంట. నువ్వు తెలివైనోడివి అనుకుంటినే! మా ఇండ్లలో ఇట్లాంటి బుద్ధులు ల్యావప్పా."

వాడి పెళ్ళాం వంటింటి గడపలో నిలబడి వింటోంది. వాడు ఒక్కసారి తలెత్తి నా వైపు చూశాడు. నేనెందుకు బాగేపల్లి వచ్చానో వాడికి ఆ రోజే తెలుసు. నా నోటితో అడిగే ఖర్మ నాకు పట్టకూడదనే ముందుగా తనే అన్నాడు. అదంతా ఆ చూపులో ఉంది. మళ్ళీ తల వంచుకుని ముద్ద తుంచుకున్నాడు.

నేను చెప్పవలసింది ఒక్కటే మాట. "మామా, నేను అడగడానికే పోయింటి" అంటే చాలు. నోట్లో ముద్ద ఉంది, మింగి చెబుదామనుకున్నాను. మింగాను.

"ఇంకొంచెం చారు పొయ్యత్తా" అన్నాను.